వెనక బండి ఆయన

ఎంబగాలా, దార్ ఎస్ సలామ్
జూన్ 9

అన్నయ్యకి,

సోమొయే సలాములు. వదినకి, పిల్లలకి, మీ గుమ్మంలో అడ్డంగా పడుకునే ఆ ఒంటికన్ను పిల్లికి కూడా.

నువ్వు మూడో ఫోను కొనేదాకా నాకీ కాగితాలు తప్పవు. రెండు ఫోన్లు సముద్రంలో పారేసుకున్న మనిషిని నిన్నొక్కణ్ణే చూశాను. ఈ ఉత్తరం సోమంగా రేవుకి పోయే బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. అక్కణ్ణుంచి పడవలో నీకు చేరుతుంది. తడిస్తే ఎండబెట్టుకుని చదువుకో.

కూర్చుని చదువుతున్నావా? లేకపోతే కూర్చో. నా మూడు చక్రాల బజాజీ ఇప్పుడు గ్యాస్ మీద నడుస్తోంది.

నిన్న మధ్యాహ్నం షెడ్డులోంచి బయటికి తీశాను. వెనక సీటు వెనకాల నా నడుమంత లావు సిలిండరు, ఎర్ర రంగుది. హ్యాండిల్ పక్కన చిన్న మీట, దాని మీద గ్యాస్ ఎంతుందో చూపే నాలుగు పచ్చ దీపాలు. పెట్రోలు మీద స్టార్టు చేసి, ఇంజను కాస్త వేడెక్కాక మీట నొక్కితే గ్యాస్‌కి మారుతుంది. మారేటప్పుడు పెద్ద మోత ఏదో వస్తుందని పళ్లు బిగబట్టుకున్నాను. నాలుక చప్పరించినంత శబ్దం వచ్చింది, అంతే. మెకానిక్కు నా మొహం చూసి, "ఇంకా ఏదో జరగాలని చూస్తున్నావా అమ్మా?" అన్నాడు.

అక్కడే ముగ్గుర్ని ఎక్కించుకుని టెమెకే దాకా పోయాను. వాళ్లకి చెప్పలేదు. దిగేటప్పుడు చెప్తే ఒక పెద్దావిడ సీటు వెనక్కి వంగి చూసి, "మరి నాకేం తెలియలేదే" అని దిగులుపడిపోయింది. పెట్రోలుకి పెట్టేదాంట్లో సగం కూడా కావడం లేదు. అందుకే ఇవాళ పొద్దున్న ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు ఊరికే పాట పాడాను. పక్క లారీవాడు కిటికీ ఎక్కించుకున్నాడు.

ఆ గ్యాస్ ఎక్కడిదో నీకు చెప్పక్కర్లేదుగా. మీ దీవి కింద పుట్టి, సముద్రం అడుగున గొట్టంలో పడి నడిచి నడిచి ఇక్కడికొస్తోంది. నువ్వు దార్‌కి రానని పదేళ్లుగా మొండికేశావు. నీ ఊరు మాత్రం రోజూ నా దగ్గరికి వచ్చి పోతోంది.

నీ చెల్లెలు
సోమొయే


సొంగో సొంగో
జూన్ 24

చెల్లి సోమొయేకి,

వాలేకుం సలాం. పిల్లి బాగుంది. నేను బాగాలేను.

నీ ఉత్తరం రేవులో అందింది. చదువుతూ కూర్చుండిపోయాను. నువ్వు కూర్చోమన్నావని కాదు, గ్యాస్ అన్న మాట చూసి. మీ వదిన వచ్చి ఎవరు పోయారని అడిగింది.

పెట్రోలు కంటికి కనిపిస్తుంది. చేతికంటుతుంది. ఒలికితే తుడుచుకుంటాం. ఇదేమిటి, కనిపించదు, అంటదు, ఇనప డబ్బాలో కుక్కి పెట్టుకుని దాని ముందు జనాన్ని కూర్చోబెట్టి తిప్పుతున్నావు. ఇక్కడ గ్యాస్ ప్లాంటు కట్టిన కొత్తల్లో గొట్టం చివర మంట లేచింది, నీకు తెలిసుండదు, నువ్వప్పటికి దార్ వెళ్లిపోయావు. తెరచాప ఎత్తు మంట. కోళ్లు తెల్లారిందనుకుని కూశాయి. నువ్వు నీ వీపు వెనక కట్టుకున్నది అదే.

చిన్నప్పుడూ ఇంతే నువ్వు. ఈత రాకముందే పడవ మీంచి దూకావు. జుట్టు పట్టుకుని పైకి లాగాను. ఇప్పుడు అంత పొడవు చెయ్యి నాకు లేదు.

తీయించెయ్. నేనెప్పుడైనా దార్ వచ్చినా దాంట్లో ఎక్కను. నడిచి తిరుగుతాను.

పడవ పని నడుస్తోంది. ఈసారిది పదహారు మూరలు. పలకల సందుల్లో నూనె దూది కూరడం మొదలుపెట్టాను. కొబ్బరినూనె వాసన తగిలితే పిల్లి నన్ను వదలడం లేదు.

అన్న
ఫరాజీ


ఎంబగాలా
జూలై 14

అన్నయ్యకి,

తీయించను. తిట్టుకో.

నీ భయానికి మెకానిక్కు చెప్పిన మాట రాస్తాను. గ్యాస్ గాలికంటే తేలికట. ఎక్కడైనా కారితే పెట్రోలులా కింద మడుగు కట్టదు, పైకి లేచి పోతుంది. కారిందని తెలియడానికి కుళ్లిన గుడ్డు వాసన కలిపి పంపిస్తారు. సిలిండరు పగలడం మాట అటుంచు, దాన్ని సమ్మెటతో కొట్టి చూపించాడు. సమ్మెట పిడి విరిగింది.

దీనికున్న అసలు కష్టం వేరే ఉంది. వరస. బంకులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, బండ్లు చీమల్లా. విమానాశ్రయం రోడ్డు బంకు దగ్గర పొద్దున్న ఆరింటికి నిలబడితే పదింటికి నా వంతు. మొదట్లో ఏడుపొచ్చింది. ఇప్పుడు ఒక్కరోజు పోకపోతే తోచడం లేదు.

అదొక ఊరు అన్నయ్యా. కాఫీ అమ్మే ముసలాయన మా వెంటే నడుస్తాడు, కప్పుతో పాటు పల్లీ చిక్కీ ముక్క. ట్యాక్సీ బానెట్ మీద వామనగుంటల పలక పెట్టి ఆడతారు. వరస కదిలితే గింజలు చెదరకుండా నలుగురు బండిని నెమ్మదిగా తోస్తారు, ఆట ఆగదు. ఒక షేకుగారున్నారు, శుక్రవారం మధ్యాహ్నాలు మసీదు, మిగతా వేళంతా ట్యాక్సీ. ఆయన ఎదురుగా ఎవడూ బూతులాడడు, ఆయన బండి మలుపు తిరిగేదాకా దాచుకుంటారు. ఆడ డ్రైవర్లం ముగ్గురం. మాకు నీడలో చోటివ్వాలని తీర్మానం అయింది.

వరస కదిలినప్పుడల్లా ఇంజను స్టార్టు చెయ్యక్కర్లేకుండా నా బజాజీని వెనక బండి ఆయన తోసిపెడతాడు. వెనక బండి ఆయనది చిన్న వ్యాను, తెల్లవారుజామున బడిపిల్లలు, తర్వాత ఉల్లిపాయలు. పిల్లలు కూడా ఉల్లిపాయ వాసనేస్తారని టీచర్లు గొడవ. వెనక బండి ఆయన పేపరు గట్టిగా చదువుతాడు, చదవనివాళ్ల కోసం. వార్త నచ్చకపోతే మార్చేస్తాడు. మొన్న వెనక బండి ఆయన పాడాడు. నా గొంతే మేలు. వెనక బండి ఆయనకి వామనగుంటలు రావు, అయినా రోజూ ఓడిపోతాడు, ఓడినప్పుడల్లా అందరికీ కాఫీ. టాంగా ఊరి మనిషట. వెనక బండి ఆయన చెప్పాడు, టాంగాలో నారింజలు మనవాటికంటే తియ్యనట. నేను నమ్మలేదు. మర్నాడు వెనక బండి ఆయన ఆరు పట్టుకొచ్చాడు. నిజమే.

వదినకి ఒక కంగా గుడ్డల జత పంపుతున్నాను. ఊదా రంగుది.

సోమొయే


సొంగో సొంగో
ఆగస్టు 2

సోమొయేకి,

కంగాలు అందాయి. మీ వదిన కట్టుకుని నీళ్ల కుళాయి దగ్గరికి మూడుసార్లు వెళ్లింది, నీళ్లు ఒక్కసారే తెచ్చింది.

నీ ఉత్తరం తనే పైకి చదివింది. సగంలో ఆగి నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే వేళ్లు ముడిచి చూపించింది. "వెనక బండి ఆయన" అని ఏడుసార్లు రాశావు. వదిన గురించి ఒక్కసారి రాశావు, నా గురించి రెండుసార్లు, రెండూ తిట్లు.

ఎవరాయన? పేరు లేదా ఆయనకి?

గ్యాస్ సంగతి కూడా కనుక్కున్నాను. నీ మెకానిక్కు మాట నేనెందుకు నమ్మాలి, అమ్ముకునేవాడు అలాగే చెప్తాడు. ప్లాంటు గేటు దగ్గర కాపలా ఉండే మనూర్‌ని అడిగాను. వాడికి గేటు సంగతి తప్ప ఏమీ తెలియదు. బడి పంతులు దగ్గరికి పోతే ఆయన బోర్డు మీద గీసి చెప్పాడు. పిల్లల వెనక బల్ల మీద కూర్చుని విన్నాను. తేలిక అన్న మాట నిజమేనట. సరే. నిజమైతే నిజమే. నేను ఎక్కుతానని మాత్రం దీనర్థం కాదు.

పేరు రాయి.

ఫరాజీ


ఎంబగాలా
ఆగస్టు 21

అన్నయ్యకి,

పేరు కిత్వానా. ఏభై ఒకటి. భార్య పోయి ఆరేళ్లు. ఇద్దరు కూతుళ్లు, పెళ్లిళ్లయి టాంగాలోనే ఉన్నారు. వదినని అటు తిరగమను, ఇది నీకొక్కడికే. సరే, వినమను, ఎలాగూ వింటుంది.

పోయిన మంగళవారం ఆయన ముందు బండి ఆయన అయ్యాడు. నేను ఆలస్యంగా వచ్చాను. పదకొండింటికి మా వంతు దగ్గరపడేసరికి గ్యాస్ ఒత్తిడి పడిపోయింది. బంకు కుర్రాడు మీటరు చూసి, "ఇంకొక్క బండికే. తర్వాత సాయంత్రం దాకా లేదు" అన్నాడు. ఆ ఒక్క బండి ఆయనదే. నా దగ్గర ఒక్క పచ్చ దీపం కూడా లేదు, పెట్రోలు అడుగంటింది.

ఆయన వ్యాను హ్యాండ్‌బ్రేకు తీసి, దిగి, భుజంతో పక్కకి తోసేశాడు. నన్ను రమ్మని చెయ్యి ఊపాడు. వరస మొత్తం మెడలు చాచి చూసింది అన్నయ్యా. నాలుగ్గంటలు నిలబడి వచ్చిన వంతు. మనిషి ప్రాణమైనా ఇస్తాడేమో కానీ ఆ వరసలో వంతు ఇవ్వడు.

తర్వాత చూస్తే పన్నెండున్నరకి ఆయన పిల్లల బడి వదులుతుంది, ఆయన వ్యాను కదలదు. నా బజాజీలో మోశాం. పదిహేడు మంది పిల్లలు, నాలుగు విడతలు. ఆయన ప్రతిసారీ పక్క కమ్మీ పట్టుకుని వేలాడుతూ ఎవరి ఇల్లెక్కడో చెప్తున్నాడు. ఆఖరి పిల్లని దింపాక ఆయన దిగి, చొక్కాకి చేతులు తుడుచుకుని ఇలా అన్నాడు: "సోమొయే, మనమిద్దరం రెండు బండ్లతో రోజుకి ఎనిమిది గంటలు వరసలో నిలబడుతున్నాం. ఒకే ఇంట్లో ఉంటే ఒకరు నిలబడ్డప్పుడు ఇంకొకరు పడుకోవచ్చు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడర్థమైంది.

"మా అన్నయ్యని అడగాలి" అన్నాను. నలభై ఆరేళ్లదాన్ని, పదహారేళ్ల పిల్లలా అన్నాను. ఇంటికొచ్చేదాకా ఇండికేటరు ఆర్పడం మర్చిపోయాను. దారిలో అందరూ నేనెటో తిరుగుతానని ఎదురుచూశారు.

నువ్వు రావాలి. నాన్న లేడు, నా తరఫున నిఖాలో కూర్చోవాల్సింది నువ్వే. అక్టోబరులో ఏ శుక్రవారమైనా సరే.

సోమొయే


సొంగో సొంగో
సెప్టెంబరు 5

సోమొయేకి,

ఉత్తరం అందింది. మంచి మనిషే అయి ఉండొచ్చు.

నాకు రావడానికి కుదరదు. పడవ సగంలో ఉంది. గాలి మారకముందే దింపాలి. అక్కడ ఖాజీగారు ఉంటారు కదా, ఇంటి పెద్ద రాలేనప్పుడు ఆయన వలీగా నిలబడతారు. అది చెల్లుతుంది. కావలిస్తే సమ్మతి కాగితం రాసి పంపుతాను.

వదిన సలాములు చెప్పింది.

ఫరాజీ


ఎంబగాలా
సెప్టెంబరు 16

ఫరాజీ బిన్ సోమ్రీ గారికి,

పడవ మాట అబద్ధం. వదిన పడవమనిషి చేత కబురు చేసింది. నీ పడవ నెలక్రితమే దిగిందట, నువ్వు రోజూ ఖాళీ కొయ్యల మీద కూర్చుని సముద్రం కేసి చూస్తున్నావట.

సమ్మతి కాగితం నాకొద్దు. ఖాజీగారు నన్ను నీళ్లలోంచి జుట్టు పట్టుకుని లాగలేదు. నువ్వు రాకపోతే ఈ పెళ్లి లేదు. కిత్వానాకి కూడా చెప్పేశాను. ఆయన, "అయితే ఎదురుచూద్దాం, మనకలవాటేగా" అన్నాడు. ఆ మంచితనానికి నాకు ఇంకా ఒళ్లు మండింది.

కారణమేమిటో రాయి. నిజం రాయి.

సోమొయే


సొంగో సొంగో
అక్టోబరు 1

చెల్లీ,

నాలుగు కాగితాలు చించాను. ఇది ఐదోది.

అతుమానీ గుర్తున్నాడా అని అడగను. నాలుగేళ్లు కాపురం చేసినదానివి. వాడికి రెండు పడవలున్నాయని నేను మురిసిపోయాను. వాడు నా పని మెచ్చుకున్నాడు, రేవులో పదిమంది ముందు నన్ను ఫుండీ అని, పెద్ద పనివాడినని పిలిచాడు, నేను అక్కడే సరేనన్నాను. నిన్ను అడగలేదు. నీకు చెప్పాను, అంతే. వాడు ఒక పొద్దున ఎంట్వారాకి పోయి అక్కడ ఇంకో ఇల్లు కట్టుకున్నాడు. నువ్వు చేతిసంచితో దార్ బస్సెక్కినప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

వలీ అంటే ఏం చేస్తాడు? పెళ్లికొడుకు చెయ్యి పట్టుకుని మా పిల్లని నీకిస్తున్నానంటాడు. ఆ రోజు అతుమానీ చెయ్యి పట్టుకున్నది ఈ చెయ్యే. మళ్లీ ఇదే చేత్తో ఇంకొకడి చెయ్యి పట్టుకోవాలంటే నాకు వణుకొస్తోంది. సిలిండరు గురించి రాసిన భయం కూడా సగం అదే. నీకేదైనా అవుతుంది, నేను మళ్లీ ఒడ్డున నిలబడి చూస్తూంటాను అని.

ఇది మీ వదినకి చదివి వినిపించాను. "ఆయన్ని నువ్వు ఎంచలేదుగా. ఈసారి అది ఎంచుకుంది. నీ పని చెయ్యి పట్టుకోవడమే" అంది. ఇంత తేలిక మాట నాకెందుకు తోచలేదో.

పదహారో తారీఖు పడవకి బయల్దేరుతున్నాను. ఎండు ఆక్టోపస్ తెస్తాను. ఆదివారం తిరిగి రావాలి.

నీ బండి ఎక్కను. ఆ మాట మీదే ఉన్నాను.

అన్నయ్య


ఎంబగాలా
అక్టోబరు 23

అన్నయ్యకి,

ఇల్లు చేరి ఉంటావు. నువ్వెళ్లాక మూడు రోజులుగా ఇల్లంతా ఆక్టోపస్ వాసన, ఉల్లిపాయ వాసన. రెండూ కలిస్తే ఎలా ఉంటుందో నీకు చెప్పను.

శుక్రవారం సంగతి తలుచుకుని ఇప్పటికీ రోడ్డు మీద ఒక్కదాన్నే నవ్వుతున్నాను. పాసింజర్లు కారణం అడుగుతున్నారు. చెప్తే, వింటూ దిగాల్సిన చోటు దాటిపోతున్నారు.

తొమ్మిదింటికి కిత్వానా ఫోను చేసినప్పుడు నేను గోరింటాకు చేతులతో చాప మీద ఉన్నాను. పక్కింటావిడ ఫోను నా చెవికి పట్టుకుంది. తెల్లవారు నమాజు నుంచీ వరసలోనే ఉన్నాడట, కరెంటు పోయి బంకు ఆగిపోయిందట. పెళ్లివారిని తేవాల్సిన ఎనిమిది బండ్లూ అక్కడే, అన్నీ ఖాళీ. నిఖా చదవాల్సిన షేకుగారి ట్యాక్సీ కూడా ఆరు బండ్ల వెనక. "సాయంత్రానికి మార్చుకుందామా?" అన్నాడు. ఆ మాట నీకు చెప్పాను. నువ్వు టోపీ సరిచేసుకుని, "వాళ్లు రాలేకపోతే మనం పోదాం. నీ బండిలో గ్యాస్ ఉందా?" అన్నావు.

ఆ మాట నీ నోటినుంచే వచ్చింది. పక్కింటావిడ సాక్షి.

గోరింటాకు చెదరకుండా రెండు చేతులకీ ప్లాస్టిక్ సంచులు కట్టుకుని హ్యాండిల్ పట్టుకున్నాను. నువ్వు సిలిండరుకి ఆమడ దూరంగా, సీటు అంచున, నా వీపుకి ముక్కు ఆనించి కూర్చున్నావు. నాలుక చప్పరించిన శబ్దం రాగానే "ఏమిటది, ఏమిటది" అన్నావు. "మీ ఊరే" అన్నాను. టెమెకే దాకా దువాలు చదివావు. టెమెకే దాటాక, "ఇంతేనా దీని స్పీడు?" అన్నావు. ట్రాఫిక్ పోలీసు ఆపి, నా సంచులు చూసి, "ఏమిటిది" అంటే, నువ్వు తల బయటపెట్టి, "పెళ్లికూతురు, తొందర" అన్నావు. వాడు సెల్యూట్ కొట్టాడు.

ఇదంతా నీకు తెలిసిందే. నాకు తెలియనిది నువ్వు రాయాలి. నన్ను నీడలో బండిలోనే కూర్చోమని నువ్వు వరసలోకి నడిచావు. ఆ తర్వాత నాకు కనిపించినవి వీపులే. హఠాత్తుగా అందరూ పరిగెత్తారు, హారన్లు మోగాయి, షేకుగారు వెనక్కి నడుస్తున్నారు, నీ టోపీ ఒకసారి కనిపించి మాయమైంది. పెళ్లయిందో, గొడవయిందో తెలియక ప్లాస్టిక్ సంచులతో చెమటలు కక్కాను. కిత్వానాని అడిగితే నవ్వుతాడు, "మీ అన్నయ్యనడుగు" అంటాడు.

అడుగుతున్నాను.

సోమొయే


సొంగో సొంగో
నవంబరు 6

చెల్లి సోమొయేకి, కిత్వానా బావకి,

సలాం.

రాస్తాను, కానీ నవ్వకుండా వినండి.

నేను వెళ్లేసరికి నీ మనిషి తెల్ల కన్జూ జుబ్బా వేసుకుని వ్యాను కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. నన్ను చూసి బయటికొచ్చాడు. గుడ్డ తెల్లగానే ఉంది, చేతులు మోచేతుల దాకా నలుపు. కడుక్కుంటానన్నాడు, నీళ్లు లేవు. కాఫీ ముసలాయన కాఫీతో కడగబోయాడు. "వద్దు, ఇలాగే ఇవ్వు" అన్నాను. అతుమానీ చెయ్యి ఆ రోజు పొడిగా, చల్లగా ఉండేది, అత్తరు వాసన. ఈ చెయ్యి జారిపోతోంది, వణుకుతోంది. నాదొక్కటే వణుకుతుందనుకున్నాను. ఇద్దరిదీ వణికేసరికి నాది ఆగిపోయింది.

షేకుగారు మొదలుపెట్టారు. నేను నా మాట చెప్పాను. కిత్వానా మొదటిసారి ఒప్పుకున్నానన్నాడు. సరిగ్గా అప్పుడు కరెంటొచ్చింది. బంకులో మిషను ఏనుగులా అరిచింది. వరస కదిలింది, వెనక నుంచి వంద హారన్లు. కిత్వానా ఒకసారి తన వ్యాను వైపు చూశాడు, ఒకసారి నా వైపు. చెయ్యి విడిపించుకుని స్టీరింగు దగ్గరికి పరిగెత్తుతాడనుకున్నాను. నేనైతే పరిగెత్తేవాణ్ణి. "బావగారూ, వదలకండి" అని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

వామనగుంటలవాళ్లు వచ్చి వ్యాను తోశారు. మేమిద్దరం పక్కన నడిచాం, చేతులు విడవకుండా. షేకుగారు మాకెదురుగా వెనక్కి నడుస్తూ చదివారు. సాక్షులు ఇద్దరూ అటొకరు ఇటొకరు, ఒకాయన చేతిలో కాఫీ కూజా. రెండోసారి ఒప్పుకున్నానన్నది ఒక గుంత దగ్గర, ఇద్దరం అందులో పడబోయాం. మూడోదానికి పంపు దగ్గరికొచ్చేశాం. బంకు కుర్రాడు, "డ్రైవరెవరు, మూత తియ్యాలి, అందరూ దూరంగా జరగండి" అని అరిచాడు. షేకుగారు, "ఒక్క మాట ఆగు నాయనా, ఒప్పుకుంటున్నాడు" అన్నారు. ఆ కుర్రాడు గొట్టం చంకలో పెట్టుకుని రెండు అరచేతులూ పైకెత్తి దువా పట్టాడు. కిత్వానా మూడోసారి ఎంత గట్టిగా అన్నాడంటే మిషను మోత వినిపించలేదు. ఆఖర్న నువ్వు విన్నది హారన్లు కాదు, ఆమీన్లు.

ఇంకో సంగతి. సోమంగా బస్సులో పక్కనాయన నా అరచేతికంటిన నలుపు చూసి ఏమిటని అడిగాడు. ఆయనకి చెప్పాను. ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగారు. కండక్టరు మొదటినుంచీ చెప్పమన్నాడు. కిబితి దాటేసరికి బస్సంతా వింటోంది, డ్రైవరు నెమ్మదిగా నడుపుతున్నాడు. పడవలో మళ్లీ చెప్పాను. రేవులో మళ్లీ. బడిలో పంతులు పిల్లల ముందు చెప్పించాడు, గ్యాస్ పాఠంలో భాగమట. నిన్నటికి వరస పొడుగు మూడు మైళ్లయింది, షేకుగారు వెనక్కి నడిచింది గంటసేపు. ఇక్కడికి మీరు వచ్చినప్పుడు ఎవరైనా అడిగితే అవునని తలూపండి, నన్ను నలుగురిలో అబద్ధాలకోరుని చెయ్యకండి. పోలీసు సెల్యూట్ మాత్రం ఎవరూ నమ్మడం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది అదొక్కటే.

అన్నయ్య
ఫరాజీ